పెరటి ఫలవృక్షములు – బూజు తెగుళ్లు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. సాహిత్యమును గూర్చి చెప్పుటకు పాఠశాల పండితులు కలరు. ఆరోగ్యమును గూర్చి చెప్పుటకు వైద్యులు వచ్చియున్నారు. నేను గ్రామ సహకార సంఘపు లెక్కలు వ్రాయువాడను. మా పెద్దలు ఈ గ్రామమునకు కరణీకము చేసిరి. 1984లో ఆ వృత్తి రద్దయినది. అయినను లెక్క వ్రాయు అలవాటు మా యింటిని విడువలేదు. సంస్కృతాంధ్రములను నాకు ఏ కళాశాలయు నేర్పలేదు. ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురువులు. అట్టివాడు చెట్ల తెగుళ్లను గూర్చి ప్రసంగింప నేల యని మీరడుగవచ్చును.

దానికి నా సమాధానము చిట్టాలోనే ఉన్నది. గూడూరు, పొదలకూరు సంతలకు నిమ్మకాయలు పంపు ప్రాంతము మనది. నిమ్మతోట లేని ఇంటనైనను పెరట ఒక మామిడియో, జామయో, బత్తాయియో ఉండును. సంఘపు పుస్తకములలో తోటమందుల నిమిత్తము తీసిన అప్పుల పద్దు ఏటేట పెరుగుచున్నది. కాపునకు వచ్చిన తోటల సంఖ్య తరుగుచున్నది. ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినవానికి నిద్ర పట్టదు. మందునకు పెట్టిన రూపాయి ఎక్కడికి పోవుచున్నదో విచారింపవలెనని నాకు తోచినది. ఆ విచారణలో తేలిన సంగతులనే నేడు మీ యెదుట ఉంచుచున్నాను.

ముందుగా శత్రువును గుర్తింతము. తొలకరి వానలకు దిబ్బలమీద పుట్టగొడుగులు మొలచుట మీరందరు చూచినదే. చెమ్మ తగిలిన ఊరగాయపై తెల్లని బూజు పట్టుట స్త్రీలందరు ఎరిగినదే. మన ఫలవృక్షముల తెగుళ్లలో పెక్కింటికి కారణమైనది ఆ జాతి జీవియే. దానిని శాస్త్రజ్ఞులు శిలీంధ్రమందురు. ఆ మాట నిన్నమొన్నటిది కాదు. మేఘము ఉరిమినంతనే నేలపై శిలీంధ్రములు తలలెత్తునని మేఘసందేశమున కాళిదాసు వర్ణించెను. కవికి అది పంటకు శుభసూచకము. తోట యజమానికి అదే వాన ఒక హెచ్చరికను గూడ తెచ్చును.

చెట్టు తన ఆకులలోని పచ్చని పదార్థముచే ఎండవలన ఆహారమును సిద్ధము చేసికొనును. శిలీంధ్రమునకు ఆ పచ్చదనము లేదు. కనుక అది పరుల సంపాదనపై బ్రదుకును. దాని బీజములు కంటికి కానరానంత సూక్ష్మములు. గాలివెంట, వాన తుంపరవెంట, శుభ్రపరపని కత్తెర మొనవెంట అవి ఒక చెట్టునుండి వేరొక చెట్టునకు పోవును. ఆకుపైనను బెరడుపైనను తడి కొన్ని గంటలు నిలిచినచో, వానిలో పెక్కుజాతులు మొలకెత్తి లోనికి చొచ్చును. అట్లు చొచ్చిన పిదప పైపైని చల్లిన మందు దానిని చాలవరకు అంటదు. ఈ యొక్క సంగతిని మనసున నిలుపుకొనుడు. తడిని తగ్గించుట, బీజములను తగ్గించుట, మొలకెత్తక ముందే మందు పూయుట – తక్కిన చికిత్స యంతయు ఈ మూటిలోనే ఇమిడియున్నది.

చెట్టు ఎండినచో దిష్టి తగిలినదనుట, గ్రహచారమనుట మనయందు కలదు. ఐరోపావారును చాలకాలము ఇట్టి ఊహలతోనే ఉండిరి. 1807లో ఫ్రాన్సు దేశమున బెనెడిక్ట్ ప్రెవో అను నాతడు గోధుమ గింజలను నల్లని పొడిగా మార్చు తెగులునకు సూక్ష్మమైన శిలీంధ్రమే మూలమని పరీక్షించి చూపెను. మైలతుత్తపు నీరు దాని బీజములను మొలవనీయదనియు కనుగొనెను. ఆ మాటను నాటి పండితులు చాలమంది చెవిని పెట్టలేదు. 1845లో ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరు కుళ్లెను. అటుపై వచ్చిన కాటకమున ఇంచుమించు పదిలక్షలమంది ఆకలిచేతను, జ్వరములచేతను మరణించిరి. ఆ కుళ్లునకు కారణమైన జీవిని జర్మనీ పండితుడు ఆంటన్ డి బారీ 1861లో పరీక్షలతో నిరూపించునప్పటికి ఆ కాటకము ముగిసిపోయియుండెను. తెగులు పేరు తెలియకపోవుటకు ఒక దేశము చెల్లించిన మూల్యమది.

అంతదూరము పోనక్కరలేదు. ఇరువదవ శతాబ్ది తొలి యేండ్లలో గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వులు కుళ్లి, చెట్లు మొండెములై నిలిచెను. భారత ప్రభుత్వపు శిలీంధ్రశాస్త్రజ్ఞుడు ఈ. జె. బట్లర్ ఆ తెగులును పరిశోధించి, 1907లో దాని జీవికి పేరు పెట్టెను. తెగులు సోకిన చెట్ల తలలు నరికి కాల్చుటయే అప్పటి చికిత్సలలో ముఖ్యము. ఒక్కడు తన చెట్టును కాల్చి, పొరుగువాడు కాల్చకున్నచో ఆ చికిత్స ఫలింపదు. ఈ మాటకు మరల వత్తును.

ఇక మన ప్రాచీనులు ఏమనిరో చూతము. క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితయందు వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఆకులు పాలిపోవుట, చిగుళ్లు పెరగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట – ఇవి చెట్టు రోగలక్షణములని అందు చెప్పెను. చలి, గాలి, ఎండ వీనికి కారణములనెను. చికిత్స చెప్పుచు, మొట్టమొదట శస్త్రముతో శుభ్రపరుపుమనెను. పిదప వాయువిడంగములను, నేతిని, బురదను కలిపి పూసి, పాలు కలిపిన నీరు పోయుమనెను. చెట్టునకు చెట్టునకు నడుమ ఇరువది మూరలుండుట ఉత్తమము, పదునారు మధ్యమము, పండ్రెండు కనిష్ఠము అని కొలత గూడ ఇచ్చెను. కొమ్మలు ఒకదానినొకటి రాచుకొని, వేళ్లు పెనవైచుకొన్న చెట్లు చక్కగా ఫలింపవనెను. ఇరువది మూరలనగా ముప్పది అడుగులు. మామిడిమొక్కలను నేడును ఇంచుమించు అంత దూరమున నాటు పద్ధతి కలదు.

తరువాతివాడైన సురపాలుడు వృక్షాయుర్వేదమను పేరనే ఒక గ్రంథమును రచించి, చెట్ల రోగములను వాత పిత్త కఫములనుబట్టి విభజించెను. దాని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నిలిచియుండగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు 1996లో దానిని నళినీ సాధలేగారి ఆంగ్లానువాదముతో ప్రకటించిరి. ఒక గ్రంథాలయము పుస్తకమును దాచుటవలన కలుగు మేలునకు ఇంతకంటె నిదర్శనమేల?

అయితే పెద్దలు చెప్పినదంతయు అటులే చేయుమని నేను చెప్పను. వారికి సూక్ష్మదర్శిని లేదు. శిలీంధ్రబీజమును వారు చూడలేదు. నేయి పూసినంతనే తెగులు పోవునని మనము నమ్మనక్కరలేదు. కాని కత్తితో శుభ్రపరచుట మొదటి పని యనియు, గాయమునకు పూత రెండవ పని యనియు, చెట్ల నడుమ గాలియాడవలెననియు వారు చెప్పిన క్రమము నేటి శాస్త్రమునకును సమ్మతమే. మనము ఆ క్రమమును తలక్రిందులు చేసితిమి. మందుడబ్బాతో ప్రారంభించి, కత్తిని మరచితిమి.

ఇక మన తోటలలోని ముఖ్యమైన తెగుళ్లను ఒక్కొక్కటిగా విన్నవింతును.

మొదటిది నిమ్మజాతి చెట్లకు వచ్చు బంకతెగులు. నేలకు దగ్గరగా మొదలుపై బెరడు తడిసినట్లు నల్లబారును. పగుళ్లనుండి బంక కారును. ఆకుల ఈనెలు పసుపుబారును. చెట్టు ఒక యేడు విరగకాచి, పిదప ఎండిపోవుటయు కలదు. దీనికి మూలమైనది ఫైటాఫ్తొరా అను జీవి. నేటి శాస్త్రజ్ఞులు దీనిని నిజమైన శిలీంధ్రములలో చేర్చక, నీటిపాచికి దగ్గరి చుట్టమందురు. ఐర్లండు దుంపను కుళ్లించినదియు, తాటి మొవ్వును కుళ్లించినదియు ఈ కుటుంబములోనివే. దీని బీజములు నీటిలో ఈదగలవు. కనుక చెట్టు మొదలు చుట్టును నీరు నిలుపుట ఆ శత్రువునకు పడవ కట్టి యిచ్చుటయే.

మన తోటలలో పాదు ఎట్లుండును? మొదలును ఆనుకొని గుంటవలె ఉండును. నీరు పెట్టినపుడెల్ల బెరడు నానును. దానికి బదులు రెండు వలయముల పాదు చేయవలెను. మొదలు చుట్టును మట్టిని ఎగద్రోసి చిన్న కట్ట వేసి, ఆ కట్టకు వెలుపల నీరు పారించవలెను. బత్తాయి అంటుమొక్కను నాటునపుడు అంటుకట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండవలెను. అది మట్టిలో పూడరాదు. జంబేరి మొదలుపై కట్టిన అంటు కంటె రంగపూరు నిమ్మ మొదలుపై కట్టిన అంటు ఈ తెగులును మేలుగా ఓర్చును. తెగులు కనబడినచో పదునైన కత్తితో చెడిన బెరడును, దాని అంచున కొంచెము మంచి బెరడు వచ్చువరకు, గీకి తీసివేయవలెను. గీకిన పొట్టును క్రింద పడనీయక, గోనెపై పట్టి కాల్చివేయవలెను. గాయమునకు బోర్డో ముద్ద పూయవలెను. మన ప్రాంతమున పెద్దవానలు అక్టోబరు మొదలు డిసెంబరువరకు కురియును గనుక, సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి మొదలునుండి రెండు మూడు అడుగుల ఎత్తువరకు ఈ ముద్దను పూయుట మంచి కట్టుబాటు.

మన మండలములోనే ఒక రైతునకు ఈ తెగులు వచ్చినది. ఆకులు పసుపుబారుట చూచి ఆయన ఒక అంగడికి పోయి అడిగెను. అంగడివారు ఆకులపై కొట్టు మందులు మూడు రకములు అంటగట్టిరి. రోగము మొదలులో ఉండ, మందును చిగుళ్లపై కొట్టిరి. ఆ యప్పు ఇంకను పుస్తకములో నున్నది. ఆ చెట్లు మాత్రము లేవు. చెట్టు మొదట కూర్చుండి బెరడును గోటితో గీకి చూచినవాడొక్కడున్నను ఆ తోట నిలిచెడిది.

రెండవది మామిడి పూతకు వచ్చు బూడిదతెగులు. పూత కాలమున పగలు వేడి, రాత్రి చలి, తెల్లవారుజామున మంచు ఉన్నపుడు పూలకాడలపై తెల్లని బూడిద చల్లినట్లుండును. పూత, పిందె రాలిపోవును. ఈ శిలీంధ్రము పైపొరమీదనే ప్రాకును గనుక గంధకమునకు లొంగును. పూలకాడలు బయటపడి, పూలు విచ్చక ముందే, నీటిలో కలియు గంధకపు పొడిని లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి చల్లవలెను. పూలు విరియబూచినపుడు మందు చల్లినచో తేనెటీగలకును, ఇతర పురుగులకును హాని. అవి లేనిదే పిందె నిలువదు. మండుటెండలో గంధకము ఆకును మాడ్చును. కనుక చల్లని పూట చల్లవలెను.

మూడవది మచ్చతెగులు. లేత ఆకులపై గోధుమరంగు మచ్చలు పడి, నడుమ రాలి చిల్లులగును. పూలకాడలు నల్లబడును. కాయపై ఈ శిలీంధ్రము పచ్చిగా ఉన్నపుడు లోన దాగియుండి, పండునపుడు నల్లని మచ్చయై బయటపడును. గడ్డిలో మాగవేసిన పండ్లు కుళ్లుటకు చాలమంది గడ్డిని నిందింతురు. మూలము కొమ్మపైననే ఉన్నది. ఎండిన పుల్లలలో దీని బీజములు నిలువ ఉండును. కాయలు కోసిన పిదప ఎండుపుల్లలను, పచ్చని కొమ్మ కొంచెము తగులునట్లుగా కత్తిరించి, ఏరి కాల్చుటయే దీనికి తొలి మందు. ఆ తరువాత రాగిమందు. కోసిన కాయలను 52 డిగ్రీల వేడినీటిలో 10 నిమిషములుంచి ఆరబెట్టినచో కుళ్లు తగ్గును. ఉష్ణమాపకము లేక చేతితో చూచి ఈ పని చేయరాదు, కాయ ఉడుకును.

నాల్గవది మసితెగులు. మామిడియాకులపై దీపపు మసి పూసినట్లుండును. చూచుటకు భయంకరమైనను ఈ శిలీంధ్రము ఆకు లోనికి చొరదు. తేనెమంచు పురుగు విసర్జించు తీపి జిగురుపై అది పెరుగును; ఆకునకు ఎండ తగులకుండ చేయును. ఇట నేరస్థుడు పురుగు, మసి కేవలము సాక్షి. పురుగు నణచినచో మసి ఆగును. పట్టిన మసిని పోగొట్టుటకు రెండు కిలోల మైదాను ఉడికించి 100 లీటర్ల పలుచని గంజిగా చేసి ఎండపూట చల్లినచో, గంజి ఎండి పొరలుగా ఊడునపుడు మసియు దానితో రాలును. ఇంత సులభమైనదానికి బూజుమందులు కొని చల్లుట దండుగ.

ఐదవది జామ ఎండుతెగులు. కొమ్మకొన ఆకులు పసుపుబారి, కొమ్మలు ఒక్కొక్కటిగా ఎండి, కొలది నెలలలో చెట్టు నిలువున చచ్చును. దీని శిలీంధ్రము మట్టిలోనుండి వేరుద్వారా ప్రవేశించి, నీరు పారు నాళములను మూసివేయును. పూర్తిగా వడలిన చెట్టును బ్రతికించు మందు లేదు. వేళ్లతో పెకలించి కాల్చవలెను. ఆ గుంటలోనే మరల జామను నాటరాదు. చుట్టునున్న మంచి చెట్లకు ట్రైకోడెర్మా రక్షణ కలదు. అది శిలీంధ్రమును తిను శిలీంధ్రము. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడన తడి ఆరకుండ వారముదినములు కప్పియుంచి, పాదులలో వేయవలెను. అదే పాదులో రాగిమందు పోయరాదు. అది శత్రుమిత్ర భేదమెరుగదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. నిమ్మకాయపై గరుకైన గోధుమరంగు పొక్కులు వచ్చు గజ్జితెగులు శిలీంధ్రమువలన వచ్చునది కాదు. అది బాక్టీరియావలన వచ్చును. రాగిమందు దానిని కొంత అణచును గాని, గంధకము మొదలగు ఇతర బూజుమందులు దానికి పనికిరావు. కనుక తెగులు పేరు తెలిసికొనక మందు పేరు అడుగరాదు. సందేహమున్నచో ఆకును, పుల్లను, బెరడును కాగితపు సంచిలో పెట్టి ఉద్యానశాఖ అధికారికో, పరిశోధనస్థానమునకో చూపుడు. నిమ్మజాతి చెట్ల పరిశోధనకు తిరుపతిలోను, వెంకటగిరి దాపున పెట్లూరులోను కేంద్రములు కలవు.

ఇంతవరకు పలుమార్లు బోర్డో అంటిని. దాని చరిత్ర వినోదకరమైనది. అమెరికానుండి వచ్చిన ఒక బూజుతెగులు ఫ్రాన్సులోని ద్రాక్షతోటలను నాశనము చేయుచుండెను. 1882లో బోర్డో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర ఆచార్యుడు మిలార్డే మెడాక్ ప్రాంతమున పోవుచు, తోటలన్నియు ఆకు రాల్చియుండగా బాటప్రక్కనున్న వరుసలు మాత్రము పచ్చగా నుండుట చూచెను. విచారింపగా, బాటసారులు పండ్లు దొంగిలింపకుండ వానిపై మైలతుత్తమును, సున్నమును కలిపి చల్లిరని తెలిసెను. ఆయన పరీక్షలు చేసి 1885లో దానిని ప్రకటించెను. దొంగలకై చల్లినది తెగులునకు మందయినది. చూచు కన్నున్నవానికి బాటప్రక్కనే శాస్త్రము దొరకును.

దానిని చేయు విధము చెప్పెదను, వ్రాసికొనుడు. మైలతుత్తము 1 కిలో, కొత్తగా కాల్చిన సున్నము 1 కిలో, నీరు 100 లీటర్లు. పెరటికైనచో 100 గ్రాములు, 100 గ్రాములు, 10 లీటర్లు. మైలతుత్తమును పొడిచేసి సగము నీటిలో కరిగింపవలెను. సున్నమును కొలది నీటితో విరియజేసి, వడగట్టి, మిగిలిన సగము నీటిలో కలుపవలెను. పిదప మైలతుత్తపు నీటిని సున్నపు నీటిలో కొంచెము కొంచెముగా పోయుచు కఱ్ఱతో కలియబెట్టవలెను. ఇనుప, తగరపు పాత్రలు పనికిరావు. మట్టి తొట్టియో, ప్లాస్టిక్ తొట్టియో కావలెను. సిద్ధమైన మందు ఆకాశపు నీలిరంగున ఉండును. మెరుగుపెట్టిన ఇనుపకత్తిని అందు ఒక నిమిషము ముంచి తీయుడు. కత్తిపై ఎర్రని రాగి పట్టినచో సున్నము చాలలేదు. మరికొంత సున్నపు నీరు పోయవలెను. లేనిచో మందు ఆకును మాడ్చును. చేసిననాడే వాడవలెను, మరునాటికి దాని గుణము తగ్గును. ఇతర మందులతో కలుపరాదు. ముద్దకైనచో అదే కిలో, కిలో పాళ్లకు నీరు 10 లీటర్లు మాత్రమే.

ఇదియు అతిగా వాడదగినది కాదు. రాగి మట్టిలో చేరి యేండ్ల తరబడి నిలిచి, వానపాములకును, మేలుచేయు సూక్ష్మజీవులకును హాని చేయును. మందు చల్లునపుడు ముఖమునకు గుడ్డ, చేతులకు తొడుగులు ఉండవలెను. పిల్లలకు అందనిచోట మైలతుత్తము ఉంచవలెను. కోతకు వచ్చిన కాయలపై చల్లరాదు. మెటలాక్సిల్ మొదలైన లోనికి పోవు మందులు గూడ నేడు కలవు. బంకతెగులునకు అవి ఉపకరించును. కాని ఒకే మందును పదేపదే వాడినచో దానికి లొంగని సంతతి పుట్టును. కనుక వానిని తెలిసినవారి సలహాపై, కొలతకు మించక వాడవలెను.

మహాజనులారా! ఇంతవరకు చెప్పినది ఎవరికివారు చేసికొనదగినది. ఇక అందరము కలిసి చేయవలసినది ఒకటి కలదు. మన గ్రామమున తెగులు వ్యాపించుటకు గాలివాన ఎంత కారణమో, మన మౌనమును అంత కారణము. తోటలో నాలుగు చెట్లు ఎండినచో యజమాని ఆ మాట బయట పెట్టడు. కాపును గుత్తకు తీసికొను వర్తకుడు ధర తగ్గించునని భయము. ఆ భయము అకారణమని నేననను. లెక్కలు చూచువాడను గనుక నాకు తెలియును. కాని దాచిన తెగులు ఆ కంచెలోపలనే ఉండదు. నేడు నా తోటలోని బంక రేపటి వాననీటిలో కాలువ దాటి నీ తోటకు వచ్చును. ఎవరిదియు కాని తోపులలోని ఎండుకొమ్మలు అందరి తోటలకును విత్తన కొట్టములు. గోదావరి తాళ్ల కథలో నేను మరల వత్తునన్న మాట ఇదియే.

అందుచేత ఈ రజతోత్సవ సందర్భమున ఒక కోరికను మీ ముందుంచుచున్నాను. వెనుకటి అడంగలులో ఏ సర్వే నంబరున ఏ పైరున్నదో వ్రాయు గడి కలదు. ఆ పైరునకు ఏ జబ్బున్నదో వ్రాయు గడి లేదు. ఆ కొరతను మన గ్రంథాలయము తీర్చగలదు. పఠన మందిరమున ఒక చిట్టా ఉంచుదము. తేదీ, చెట్టుజాతి, కనబడిన లక్షణము, చేసిన చికిత్స, దాని ఫలితము – ఈ అయిదు గడులు చాలును. యజమాని పేరు వ్రాయనక్కరలేదు. ఊరికి ఏ దిక్కున ఉన్నదో వ్రాసిన చాలును. పేరు లేనిచోట సిగ్గు లేదు, వర్తకునికి ఆధారము లేదు. పైగీతలు గీసి, ఆ పుస్తకమును నడుపు పని నేను ఉచితముగా చేసెదను. రెండు మూడు సంవత్సరములలో ఏ నెలలో ఏ దిక్కునుండి ఏ తెగులు వచ్చుచున్నదో, ఏ మందు పనిచేసినదో, ఏది డబ్బు దండుగయో మనకు మన అక్షరములలోనే తెలియును.

రెండవ కోరిక. ప్రతి సంవత్సరము సెప్టెంబరు మాసమున, పెద్దవానలకు ముందు, ఒక ఆదివారము ఇంటికొకరు కత్తి తీసికొని రావలెను. పెరళ్లలోను, తోటలలోను, పాఠశాల ఆవరణమునను, ఎవరును పట్టించుకొనని తోపులలోను ఎండుపుల్లలు కొట్టి, రాలిన కుళ్లుకాయలు ఏరి, కాల్చవలసినది కాల్చి, పూడ్చవలసినది పూడ్చవలెను. ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు పోవునపుడు కత్తిని నిప్పున కాచి తుడువవలెను. దానికి ప్రభుత్వ ధనము అక్కరలేదు, అప్పు అక్కరలేదు.

1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది మొదలు అయ్యంకి వేంకటరమణయ్యగారివంటి పెద్దలు పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని శ్రమించిరి. పుస్తకము మన పల్లెకు చేరినది. అందున్నది తోటకు చేరవలసియున్నది. బీరువాలోని వృక్షాయుర్వేదము బీరువాలోనే ఉన్నచో దానివలన చెదపురుగునకు తప్ప వేరెవరికి లాభము లేదు.

చిట్టా నడుపువాడు ఏనాటి పద్దు ఆనాడు వ్రాయును. సంవత్సరాంతమున ఒక్కసారి వ్రాయబూనినచో తప్పని లెక్క తేలును. తోటయు అట్టిదే. నెలకొకసారి మొదటనుండి కొనవరకు చెట్టును చూచువానికి మందు ఖర్చు స్వల్పము. చచ్చిన పిదప చూచువానికి మిగులునది వంటచెఱకు మాత్రమే.

చిట్టా పుస్తకము రేపటినుండి పఠన మందిరపు బల్లపై ఉండును. మొదటి పుట ఖాళీగా ఉన్నది. సెప్టెంబరు లోపల అది నిండవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.